లేబుళ్లకు చలి పడదు

వెచ్చగదికి తాళం పడింది సోమవారం పొద్దున. అప్పటికి మొదటి షిఫ్టువాళ్లు ఫ్రీజర్లోకి వెళ్లి అరగంటయింది.

ఆ కోల్డ్ స్టోరేజి మొత్తంలో కూలివాళ్ల ఒంటికి కాస్త సుఖమిచ్చే చోటు అదొక్కటే. ఫ్రీజరు తలుపుకు ఎదురుగా చిన్న గది. రెండు బల్లలు, ఒక హీటరు, కోట్లు తగిలించుకోవడానికి గోడకు వరసగా మేకులు. సున్నాకు ఇరవై డిగ్రీల కింద నలభై నిమిషాలు పెట్టెలు ఏరి బయటికొచ్చినవాళ్లు అక్కడ పదిహేను నిమిషాలు కూర్చుని మళ్లీ లోపలికి పోవాలి. అలాగని గోడమీద రాసి ఉంది. రాసిన రంగు వెలిసిపోయినా మాట మాత్రం ఆ రోజు దాకా నడిచింది.

ఆ గదిలోకి, చెక్కపలకలమీద పేర్చిన ఆరు పాలెట్ల అట్టపెట్టెలు చేర్చినవాడు ఫోర్క్‌లిఫ్టు డ్రైవరే. చేర్చమన్నారు, చేర్చాడు. బల్లలు ఒకదానిమీద ఒకటి ఎక్కించి మూలకు నెట్టాడు. పెట్టెల నిండా లేబుళ్ల చుట్టలు.

మేనేజరు గుమ్మంలో నిలబడి లెక్క చూసుకున్నాడు. "బయట షెడ్డులో పెడితే జిగురు ఊడిపోతోంది. లేబుళ్లకు చలి పడదయ్యా. ఒక్క చుట్ట పాడైతే లారీ ఆగిపోతుంది."

"మరి లోపలివాళ్లు సార్?"

"కారిడార్లో నిలబడతారు. ఐదు నిమిషాలు చాలు. అలవాటైన ఒళ్లు."

తాళం వేసుకుని వెళ్లాడు. హీటరు ఆపలేదు. అది లేబుళ్ల కోసం అలాగే వెలుగుతూ ఉంది, తలుపు కింది సందులోంచి ఎర్రగా కనబడుతూ.

పది నిమిషాలకు ఫ్రీజరు తలుపు తెరుచుకుంది. ముందు బయటికొచ్చింది డ్రైవరుకు వదిన, భార్యకు సొంత అక్క. కనుబొమలమీద తెల్లగా మంచు పేరుకుంది. అలవాటుగా వెచ్చగది తలుపు తోసింది. మళ్లీ తోసింది. తాళం వైపు, తర్వాత బండిమీదున్న మరిది వైపు చూసింది. అతను ఆ చూపు తప్పించుకోవడానికి బండి వెనక్కి తిప్పాడు. వెనక్కి పోయే బండి కూతలో ఆవిడేం అందో వినబడలేదు. వినబడకపోవడమే మంచిదనుకున్నాడు.

మధ్యాహ్నం బ్యాటరీలు చార్జింగు పెట్టే షెడ్డులో కూర్చుని ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఫోను చూసుకుంటున్నాడు. ఫోనులో ఒక కోట పటం. ఇంట్లో పాత కంప్యూటరుమీద ఆడే ఆట అది. ఏడుగురు మనుషులు ఒక బండి సామానుతో కొత్త చోట దిగుతారు. వాళ్లచేత నేల తవ్వించి, రాళ్లు కొట్టించి, కోట కట్టించాలి. చోటు మనిష్టం. పచ్చిక, వాగు ఉన్న చోట పసిపిల్లలైనా నెగ్గుకొస్తారని అతని ఉద్దేశం. అందుకని ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే మంచుదేశంలో దింపాడు. ఇవాళ ఏ వైపు తవ్వించాలా అని ఆలోచిస్తుంటే మీద నీడ పడింది.

"ఆ కోట ఆట కదూ ఇది," అన్నాడు మేనేజరు. "ఏ దేశం?"

"మంచుదేశం సార్."

"ఎన్నో శీతాకాలం?"

"నాలుగోది."

"ఎంతమంది పోయారు?"

"ఎవరూ పోలేదు సార్."

మూడేళ్లలో ఎన్నడూ ఆ షెడ్డులో కాలు పెట్టని మేనేజరు ఒక ఖాళీ డబ్బా బోర్లించి దానిమీద కూర్చున్నాడు. "నావాళ్లు మొదటిది కూడా దాటట్లేదయ్యా," అన్నాడు. ఆయన గొంతులో బాధ ఉంది. అది నటన కాదు. డ్రైవరుకు తర్వాత అన్నిటికంటే ఒళ్లు మండించింది అదే.

మంగళవారం పదకొండింటికి కేబిన్‌కు పిలుపొచ్చింది. "బండి చార్జింగులో ఉందని రాసుకో," అని సూపర్‌వైజరుకు చెప్పాడు మేనేజరు. సూపర్‌వైజరును అందరూ గడియారం అంటారు. నిమిషం ముందూ వెనకా అయినా పుస్తకంలో రాసే మనిషి. ఆయన తల ఊపి, పదకొండూ రెండని రాసుకున్నాడు.

కేబిన్‌లో కాళ్ల దగ్గర చిన్న హీటరుంది. టీ వచ్చింది. మేనేజరు కుర్చీ జరిపి కంప్యూటరు ఇద్దరికీ కనబడేలా తిప్పాడు. "చెప్పండి గురువుగారూ."

గురువుగారు అనేసరికి డ్రైవరు వెన్ను దానంతటదే నిటారయింది. మొదట చేతులు ఒళ్లో పెట్టుకుని మాట్లాడాడు. తర్వాత వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టాడు. దిగీ దిగగానే ఇల్లు కట్టబోతే చస్తారు సార్, ముందు బండి విరిచెయ్యండి, ఆ కర్రే మీకున్న కర్ర. తవ్వండి, నేల లోపల చలి ఉండదు. వాగు చూసి మురిసిపోకండి, అది మంచు, తాగడానికి పనికిరాదు. మిగతావాళ్లు సారాయితో గడిపేస్తారు గానీ దెబ్బ తగిలినవాడికి నీళ్లే కావాలి, కాబట్టి లోతుకు పోయి ఊట వెతకాలి. ఆ ఊటను అక్కడే వాడుకోవాలి, పైకి తోడారో అందులో నిలబడ్డవాడితో సహా గడ్డకడుతుంది.

మేనేజరు బడిపిల్లాడిలా రాసుకున్నాడు. అదే డైరీలో వెనకపేజీలో పోయినవాళ్ల జాబితా ఉంది. "ఈవిడ రాతిపనిమనిషి," అన్నాడు ఒక గీతమీద వేలు పెట్టి. "ఎంత పనిమంతురాలనుకున్నావు. మంచులోంచి రాయి మోసుకొస్తూ గుమ్మం దాకా వచ్చి పడిపోయింది. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు."

డ్రైవరు 'అయ్యో' అన్నాడు. టీ తాగాడు. వెచ్చగది మాట నాలుక చివరి దాకా వచ్చింది. రేపు చెబుదాం, కాస్త చనువు పెరగనీ అనుకున్నాడు.

బుధవారం చనువు పెరిగింది. మేనేజరు భుజంమీద చెయ్యి వేశాడు. ఆయన మనుషులు నేలలోకి దిగారు, ఊట దొరికింది, రెండో బ్యాచి జనం కూడా వచ్చి చేరారు. ఆయన మొహం వెలిగిపోతోంది. డ్రైవరు టీకప్పు ఎత్తి నోటికి పెట్టుకుంటూ అద్దంలోంచి అటు చూశాడు.

కేబిన్ అద్దానికి అవతల కారిడారు. లారీల కోసం తెరిచి ఉంచే పెద్ద తలుపులు రెండు అటే ఉన్నాయి, గాలి విసురుగా కొడుతుంది. ఆ గాలిలో పదకొండుమంది గోడకు ఆనుకుని నిలబడ్డారు. అందరికంటే ఈ చివర వదిన. కుడిచేతి గ్లవ్స్ తీసి వేళ్లు నోటికి దగ్గరగా పెట్టుకుని ఊదుకుంటోంది. లోపల పెట్టెమీద గీతలు చదివే యంత్రం ఉంటుంది, దాని మీట మందపాటి గ్లవ్స్‌తో అందదు. రోజుకు ఆరేడువందల సార్లు ఆ చెయ్యి బయటికి తియ్యాల్సిందే. ఇదివరకు పదిహేను నిమిషాలు హీటరు ముందు చాచి కూర్చునేది.

ఆవిడ తలెత్తింది. అద్దంలోంచి అతన్ని చూసింది. టీకప్పును చూసింది. మొహం తిప్పుకోలేదు, కోపం చూపలేదు. గోడను చూసినట్టు చూసి గ్లవ్స్ తొడుక్కుని లోపలికి వెళ్లిపోయింది. ఐదు నిమిషాలు కూడా కాలేదు.

"గురువుగారూ, ఎక్కడున్నారు?" అన్నాడు మేనేజరు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి వంటింట్లో అక్కాచెల్లెళ్లిద్దరూ ఉన్నారు. నేలమీద తపేలా, అందులో గోరువెచ్చటి నీళ్లు, నీళ్లలో వదిన కుడిచెయ్యి. చూపుడువేలు, మధ్యవేలు కొసలు పాలిపోయి కొవ్వొత్తి ముక్కల్లా ఉన్నాయి. వదిన పళ్లు బిగబట్టుకుని గోడవైపు చూస్తోంది.

"నర్సు దగ్గరికెళ్లొచ్చాం," అంది భార్య. "స్పర్శ వస్తే వారంలో వస్తుందట. రాకపోతే లేదట. పిన్నుతో పొడిచింది. మా అక్కకు తెలియలేదు."

అతను చెప్పులు విడవడం మర్చిపోయి గుమ్మంలోనే నిలబడ్డాడు. "నేను రేపు సార్‌తో..."

"ఏ సార్‌తో? నీకు టీలు పోయించే సార్‌తోనా?" భార్య గొంతు పెంచలేదు. నీళ్లలో ఇంకో గ్లాసు వేడినీళ్లు కలిపి చెయ్యి పెట్టి చూసింది. "అక్క చెప్పింది. కేబిన్‌లో కూర్చుని బొమ్మలకు చలి కాయిస్తున్నావట."

"ఆట గురించి అడిగితే చెప్పానే. పెద్దాయన పిలిస్తే రానంటానా?"

"పిలిస్తే పో. పోయినవాడివి ఒక్క మాట అడగడానికి నోట్లో నాలుక లేకపోయిందా? లేబుళ్లకేమో హీటరు. మా అక్క వేళ్లకు తపేలా. ఆ పాలెట్లు అందులో పెట్టింది ఎవరు? ఆ మేనేజరా? ఆయనకు బండి తోలడం వచ్చా?"

ఉన్నమాట అది.

"వదిలెయ్యవే," అంది వదిన, మొదటిసారి నోరు తెరిచి. "మరిదికి రేపు పాఠం ఉంటుంది. వెళ్లి చదువుకోనీ."

ఆ రోజు అతను కంప్యూటరు తెరవలేదు. అన్నం కలిపి వదిలేశాడు. ఎవరిమీద కోపమో తేల్చుకోలేక కంచం ముందే చాలాసేపు కూర్చున్నాడు.

గురువారం వదిన పనికొచ్చింది. చేతికి కట్టు ఉంది కాబట్టి కారిడార్లో నిలబడి ఎడమచేత్తో పెట్టెలకు లేబుళ్లు అంటించమన్నారు. లేబుళ్లు వెచ్చగా ఉన్నాయి. గడియారం గంటకొకసారి తాళం తీసి రెండు చుట్టలు తెచ్చి ఇచ్చి మళ్లీ తాళం వేస్తున్నాడు.

పదకొండింటికి కేబిన్‌లో మేనేజరు దిగులుగా ఉన్నాడు. "మళ్లీ మొదలైందయ్యా. నిన్న సాయంత్రం నుంచి ముగ్గురు. అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను. అయినా మంచులోకి సామాను మోసేవాళ్లు ఒక్కొక్కరే పడిపోతున్నారు. ఎందుకంటావు?"

డ్రైవరు కూర్చోలేదు. వంగి చూశాడు. తప్పేమిటో ఒక్క చూపులో దొరికింది. కోట గుమ్మం పక్కన పొయ్యి ఉన్న గది. మంచులోంచి వచ్చినవాళ్లు కాసేపు ఆగి మళ్లీ బయటికి పోవడానికి అతనే కట్టించాడు మంగళవారం. ఇప్పుడు అందులో అడుగు పెట్టే సందు లేకుండా పీపాలు, సంచులు.

"ఈ గదిలో స్టాకు ఎందుకు పెట్టారు సార్?"

"గుమ్మానికి దగ్గర కదా, చేరవెయ్యడం సులువని."

"వాళ్లు ఒళ్లు కాచుకునే చోటు సార్ అది. అది మూస్తే మోసేవాళ్లు ఆగడానికి చోటు లేక మంచులోంచి మంచులోకే పోతారు. వేళ్లు పోతాయి ముందు. తర్వాత మనిషి పోతాడు."

మేనేజరు నాలుక కరుచుకున్నాడు. "అరెరే. వెచ్చగదిలో స్టాకు పెట్టడం నాదే తప్పు. ఇప్పుడే తీసేయిస్తాను." వేళ్లు టకటకలాడాయి. తెరమీద చిన్న చిన్న మనుషులు పీపాలు మోసుకుంటూ లోపలి కొట్లోకి పోయారు. గది ఖాళీ అయింది. మంచులోంచి వస్తున్న ఒకడు పొయ్యి దగ్గర ఆగాడు. మేనేజరు హాయిగా ఊపిరి వదిలాడు.

డ్రైవరు గోడ గడియారం చూశాడు. మూడు నిమిషాలు పట్టింది.

"బయట కూడా అలాంటి గది ఒకటుంది సార్," అన్నాడు. "మొన్న సోమవారం మూశారు. నిన్న ఒకావిడ రెండు వేళ్లకు స్పర్శ పోయింది. మా వదిన."

మేనేజరు తెరమీంచి చూపు తిప్పలేదు. "చూశానయ్యా, పాపం. అయినా అది వేరు. దానికి హెడ్డాఫీసు నుంచి అనుమతి రావాలి. స్థలం కేటాయింపులు చాలా గొడవ." ఇంకో పీపా పక్కకు జరిపాడు. "ఇక్కడ ఇంకో పొయ్యి పెట్టించనా?"

"పెట్టించండి సార్," అన్నాడు డ్రైవరు. టీకప్పు ముట్టుకోకుండా బయటికొచ్చేశాడు.

గడియారం కారిడార్లో పుస్తకం పట్టుకుని ఉన్నాడు. డ్రైవరు చెయ్యి చాచాడు. "తాళంచెవి."

"సార్ చెప్పారా?"

"వెచ్చగదిలో స్టాకు పెట్టడం తప్పు, ఇప్పుడే తీసేయిస్తానన్నారు. నా ముందే అన్నారు. కావాలంటే ఒట్టేస్తాను."

ఒట్టు అవసరం లేకపోయింది. తాళంచెవి చేతిలో పడింది.

మొదటి పాలెట్ ఎత్తి బయటికి తెచ్చాక ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. చెమ్మ లేని, చలి లేని చోటు ఇంకొక్కటే ఉంది. కేబిన్ పక్కన మీటింగు గది. దానికి రెండు తలుపులు, నేలకు తివాచీ. బండి తలుపు దాకా వెళ్లింది. అక్కణ్నుంచి ఇద్దరు కూలీలు చేతిబండితో లోపలికి లాగారు. పెద్ద బల్ల గోడకు జరిపారు. ఒకడు చెప్పులు విడిచి తివాచీ తొక్కితే మిగతావాళ్లు నవ్వారు. మూడో పాలెట్ కేబిన్ అద్దం ముందునుంచి పోయినా మేనేజరు తలెత్తలేదు. ఐదోదానికి ఎత్తాడు.

ఆయన బయటికొచ్చేసరికి ఆరోది కూడా పోయింది. వెచ్చగదిలో బల్లలు దింపేశారు. ఫ్రీజర్లోంచి వచ్చిన పదిమంది లోపల కూర్చుని ఉన్నారు. వాళ్ల కోట్లమీది మంచు కరిగి నేలమీదికి కారుతోంది.

"ఎవరు తియ్యమన్నారు?"

"మీరే సార్," అన్నాడు డ్రైవరు బండిమీంచే.

"నేనన్నది ఆటలో."

"నేను విన్నది ఇక్కడ సార్."

మేనేజరు మొహం ఎర్రబడింది. "తమాషాగా ఉందా? మళ్లీ పెట్టు అన్నీ."

డ్రైవరు బండి ఆపి దిగాడు. బండి తాళంచెవి తీసి సీటుమీద పెట్టాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. "నేను పెట్టను సార్. ఒకసారి పెట్టాను, చాలు."

మేనేజరు రెండో బండి డ్రైవరు వైపు తిరిగాడు. బక్కాయన అంటారు అతన్ని, పన్నెండేళ్ల ఉద్యోగంలో ఎదురుచెప్పిన పాపాన పోలేదు. "నువ్వు పెట్టు."

బక్కాయన గొంతు సవరించుకున్నాడు. "నా బండికి బ్రేకు పట్టట్లేదు సార్. మొన్ననే చీటీ రాసిచ్చాను."

"ఈ బండి ఎక్కు."

"దీనిమీద నాకు చెయ్యి తిరగదు సార్."

ఎవరో దగ్గినట్టు నవ్వారు. "లేవండి ముందు, అందరూ లోపలికి పదండి," అని మేనేజరు గదిలోకి అరిచాడు. ఎవరూ లేవలేదు. గడియారం చేతిగడియారం చూసుకుని, పుస్తకంలో వేలు పెట్టి, ఎవరికో లారీ నంబరు చెబుతున్నంత మామూలుగా అన్నాడు: "వీళ్లకింకా పదకొండు నిమిషాలుంది సార్."

మేనేజరు నోరు తెరవడం, మూయడం డ్రైవరు దగ్గర్నుంచి చూశాడు. ఆ మనిషికి ఏం చెయ్యాలో నిజంగానే తెలియడం లేదు. చివరికి "రేపు మాట్లాడతాను మీ అందరితో," అని వెనక్కి తిరిగాడు. కేబిన్ తలుపు గట్టిగా పడింది.

మర్నాడు ఎవరితోనూ మాట్లాడలేదు. శుక్రవారం పొద్దున గోడకు రెండు కాగితాలు అంటించి ఉన్నాయి. కార్మికుల సంక్షేమం దృష్ట్యా యాజమాన్యం వెచ్చగదిని పునరుద్ధరించినదని మొదటిది. ఫలానా ఫోర్క్‌లిఫ్టు డ్రైవరును పనుల సర్దుబాటులో భాగంగా ఫ్రీజరు లోపలి ఏరుడు పనికి మార్చడమైనదని రెండోది. రెండింటి కిందా ఒకటే సంతకం.

"సంక్షేమం చూశావా," అన్నాడు బక్కాయన, చదివి. "మనం అడక్కుండానే ఇచ్చారట." బండి తాళంచెవి చేతిలో పెట్టుకుని కాసేపు దోషిలా తచ్చాడి వెళ్లిపోయాడు.

బండి కేబిన్‌లో కూర్చుని ఫ్రీజర్లోకి పోయి రావడం వేరు, అందులో నలభై నిమిషాలు నిలబడటం వేరు. మొదటి పది నిమిషాలు అతనికి ఏమీ కాలేదు. తర్వాత ముక్కులోపలి వెంట్రుకలు సూదుల్లా గుచ్చుకోవడం మొదలైంది. మీట అందక గ్లవ్స్ తీశాడు, తొడిగాడు, తీశాడు. ఇరవయ్యో పెట్టె దగ్గర తొడగడం మానేశాడు. ముప్పయ్యో దానికి ఆ చెయ్యి తనది కాదనిపించింది. నాలుగు రోజులు ఇందులోంచి ఆ గాలిలోకి వచ్చి నిలబడ్డారు వీళ్లు. తను టీ తాగాడు. కోపమొచ్చింది. దాన్ని కక్కడానికి అక్కడ పెట్టెలు తప్ప ఎవరూ లేరు.

బయటికొచ్చి వెచ్చగదిలోకి నడిచాడు. బల్లలు నిండి ఉన్నాయి. ఎవరూ పలకరించలేదు. చివర కూర్చున్న వదిన అతని వైపు చూడకుండానే కోటు కొంగు లాక్కుని జానెడు చోటు ఇచ్చింది. కూర్చున్నాడు. హీటరుకు చేతులు చాచాడు. వేళ్లలోకి రక్తం తిరిగొస్తుంటే కళ్లనీళ్లు తిరిగాయి.

గుమ్మంలో మేనేజరు కనబడ్డాడు. లోపలికి రాలేదు. "గురువుగారూ," అన్నాడు, నిన్న ఏమీ జరగనట్టు. "ఒక్క నిమిషం రావాలి. ఊట పైకి పొంగి గడ్డకట్టింది. పదిమంది అవతల ఇరుక్కుపోయారు. దారి ఎటు తవ్వాలో తెలియట్లేదు."

గదిలో అందరూ డ్రైవరు వైపు చూశారు.

"ఆట ఆపి వచ్చారా సార్?"

"ఆపి ఉంచాను. అందుకే పరుగెత్తుకొచ్చాను."

"అయితే వాళ్లకేం కాదు," అన్నాడు డ్రైవరు చేతులు హీటరు ముందునుంచి తియ్యకుండా. "ఆట ఆపి ఉంచితే వాళ్లకు చలెయ్యదు సార్."

మేనేజరు వెళ్లిపోయాడు.

తర్వాత వదిన అంది, "చెప్పి పంపాల్సింది. మధ్యలో ఆ ఇరుక్కున్నవాళ్లేం చేశారు పాపం."

అతను ఆవిడ వైపు తిరిగాడు. ఎత్తిపొడుపేమోనని మొహంలో వెతికాడు. లేదు. ఆవిడ మామూలుగానే అంది.

గడియారం తలుపుమీద రెండుసార్లు కొట్టాడు. అందరూ లేచారు. వదిన కట్టు ఊడకుండా బొటనవేలికీ ఉంగరపువేలికీ మధ్య కోటు జిప్పు పట్టుకుని పైకి లాగబోయింది. జారింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ జారింది. అతను చెయ్యి ముందుకు చాచాడు.

"నువ్వు నీది పెట్టుకో," అంది.

అతను తనది పెట్టుకుని, ఆవిడది పడేదాకా పక్కనే నిలబడ్డాడు.